మైకులో అడిగిన ప్రశ్న పోలీస్ స్టేషన్ దాకా వెళ్తుంది

2013 నవంబర్ 5, మంగళవారం మధ్యాహ్నం. న్యూజిలాండ్‌లో రేడియోలైవ్ అనే స్టేషన్‌కు ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఆమెకు 18 ఏళ్లు. తన స్నేహితురాలి మీద కొందరు కుర్రాళ్లు లైంగిక దాడి చేశారు. రెండు రోజులుగా దేశమంతా వాళ్ల గురించే మాట్లాడుకుంటోంది. తనకు తెలిసింది చెప్పాలని ఆమె లైన్‌లోకి వచ్చింది. షో నడుపుతున్నది విల్లీ జాక్సన్, జాన్ తమిహెరె. ఇద్దరూ మాజీ ఎంపీలు. అక్కడి మూలవాసులైన మావోరీల సమాజంలో ఇద్దరికీ పలుకుబడి ఉంది, మైకు ముందు ఏళ్ల అనుభవమూ ఉంది.

వాళ్లు ఆ అమ్మాయిని ఏం అడిగారంటే, ఈ కాలం పిల్లలు ఎంత ‘ఫ్రీ’గా ఉంటున్నారు అని. ఆడపిల్లలు అసలు తాగడమేంటి అని. ఆ తర్వాత, నువ్వు మొదటిసారి సెక్స్‌లో పాల్గొన్నది ఎప్పుడు అని.

దాడికి గురైంది ఈ అమ్మాయి కాదు, ఈమె స్నేహితురాలు. జరిగిన నేరానికీ, ఫోన్ చేసిన మనిషి సొంత జీవితానికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ ప్రశ్న చాలా మామూలుగా, వాతావరణం గురించి అడిగినట్టు, లైవ్‌లో వచ్చేసింది. ఇలాంటి టాక్ షోలలో సాధారణంగా ప్రసారాన్ని కొన్ని సెకన్లు ఆలస్యంగా వదులుతారు. ఎవరైనా బూతు మాట అంటే ఆలోపు బటన్ నొక్కి ఆపేయడానికే ఆ ఏర్పాటు. ఈ ప్రశ్నను ఆపాలని మాత్రం అక్కడ ఎవరికీ అనిపించలేదు. అది బూతులా వినపడలేదు కాబట్టి.

ఆ ప్రశ్న మీద న్యూజిలాండ్‌లో లేచిన దుమారం గురించి చాలామంది ‘నోరు జారారు, జనం కోప్పడ్డారు, షో ఆగింది’ అన్నట్టు మాట్లాడతారు. ఆ వారం నిజంగా ఏం జరిగిందో వరుసగా చూస్తే విషయం అంత చిన్నది కాదని తెలుస్తుంది.

నవంబర్ 3, ఆదివారం రాత్రి టీవీ3 చానల్ ఒక వార్త బయటపెట్టింది. ఆక్లాండ్ పశ్చిమ ప్రాంతంలో ‘రోస్ట్ బస్టర్స్’ అని పేరు పెట్టుకున్న కుర్రాళ్ల గుంపు ఒకటి ఉంది. మైనర్ అమ్మాయిలకు బాగా మందు తాగించి, వాళ్లు మత్తులో ఉండగా సామూహికంగా అత్యాచారం చేశారన్నది ఆరోపణ. అంతటితో ఆగకుండా ఫేస్‌బుక్‌లో దాని గురించి గొప్పలు చెప్పుకున్నారు. బాధితుల్లో 13 ఏళ్ల పిల్లలు కూడా ఉన్నారు. మరి పోలీసులు ఏం చేస్తున్నారని అడిగితే, మాకు విషయం తెలుసు కానీ అధికారికంగా ఫిర్యాదు ఇచ్చేంత ధైర్యం ఏ అమ్మాయీ చేయలేదు అని ఒక సీనియర్ అధికారి చెప్పాడు.

అది నిజం కాదు. మూడు రోజులకే, నవంబర్ 6న, అసలు సంగతి బయటపడింది. ఆ అమ్మాయిల్లో ఒకరు 2011లోనే స్టేషన్‌కు వెళ్లింది. అప్పుడు ఆమెకు 13 ఏళ్లు. వీడియో ముందు వాంగ్మూలం ఇచ్చింది. జరిగినదాన్ని బొమ్మలతో చేసి చూపించమన్నారని, ఏం బట్టలు వేసుకున్నావని అడిగారని ఆమె టీవీ3కి చెప్పింది. ఆ రోజు ఆమె వేసుకున్నది ఒక స్కర్టు. ఆ కుర్రాళ్ల మీద కేసు పెట్టలేదు. ఫేస్‌బుక్ పేజీ వార్తల్లోకి వచ్చింది ఆ తర్వాత రెండేళ్లకు.

రేడియోలో ఆ ప్రశ్నలు వినపడింది మంగళవారం, స్కర్టు సంగతి బయటికొచ్చింది బుధవారం. పక్కపక్క రోజుల్లో బయటపడ్డ ఈ రెండూ విడివిడి సంగతులు కావు. ఒకటి స్టూడియోలో అడిగారు, ఇంకొకటి స్టేషన్‌లో అడిగారు, అంతే తేడా. కుర్రాళ్ల గురించి చెప్పడానికి వచ్చిన అమ్మాయి చివరికి తన గురించి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ మధ్యాహ్నం రేడియో వింటున్నవాళ్లలో, ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అని లోలోపల కుమిలిపోతున్న ఆడపిల్ల ఒక్కరు ఉన్నా, స్టేషన్‌కు వెళ్తే ఏం జరుగుతుందో ఆమెకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. ఆ ఇద్దరు హోస్టులు అసలు ఊహించని శ్రోత ఆమే. బాధితులను నిందించే మాటలను కేవలం మర్యాద తప్పిన మాటలుగా చూస్తే ఈ శ్రోత లెక్కలోకి రాదు.

ఇందులో చట్టం సంగతి కూడా ఉంది. న్యూజిలాండ్‌లో సెక్స్‌కు సమ్మతి తెలిపే వయసు 16. అంటే 13, 14 ఏళ్ల పిల్ల విషయంలో ‘ఇష్టపడే వెళ్లిందేమో’ అనే మాటకు చోటే లేదు. సమ్మతి తెలపలేనంత మత్తులో ఉన్న మనిషి విషయంలోనూ అంతే, అక్కడి నేరచట్టం ఆ మాట స్పష్టంగా చెబుతుంది. పైగా బాధితురాలి లైంగిక గతం గురించి కోర్టులో ప్రశ్నలు అడగడాన్ని వాళ్ల 2006 నాటి సాక్ష్య చట్టం గట్టిగా నియంత్రిస్తుంది, జడ్జి అనుమతి లేకుండా అడగడానికి వీల్లేదు. నిందితుడి తరఫు లాయర్ కూడా అడగకూడని ప్రశ్నను, కేసుతో సంబంధమే లేని అమ్మాయిని, దేశమంతటికీ వినపడేలా ఇద్దరు పెద్దమనుషులు అడిగారు.

మన దేశంలోనూ ఈ గీత గీయడానికి చాలా ఏళ్లు పట్టింది. బాధితురాలు ‘శీలం లేనిది’ అని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టిపారేయడానికి వీలిచ్చే నిబంధన భారత సాక్ష్య చట్టంలో 2003 దాకా ఉంది. నిర్భయ ఘటన తర్వాత 2013లో చేసిన సవరణలతో, సమ్మతి గురించి తేల్చేటప్పుడు ఆమె గత లైంగిక జీవితాన్ని పరిగణనలోకి తీసుకోకూడదన్నారు. బాధితురాలికి లైంగిక అనుభవం ఉందో లేదో తేల్చడానికంటూ డాక్టర్లు చేసే రెండు వేళ్ల పరీక్ష కూడా ఇదే ప్రశ్నకు ఇంకో రూపం. ఆ పరీక్ష చేసినవాళ్లను దుష్ప్రవర్తన కింద దోషులుగా చూడాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పాల్సి వచ్చింది.

చట్టం వద్దన్నా నోటికి ఈ ప్రశ్న ఇంత సులువుగా ఎందుకు వస్తుంది? అలా అడిగేవాళ్లంతా దుర్మార్గులు అనుకుంటే జవాబు దొరకదు. మెల్విన్ లెర్నర్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో తోటి పరిశోధకురాలితో కలిసి ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక మహిళ తప్పు సమాధానం చెప్పినప్పుడల్లా ఆమెకు కరెంటు షాక్ కొడుతున్నట్టు కొందరు విద్యార్థినులకు చూపించారు. నిజానికి షాక్ లేదు, అది నటన. షాక్ ఆపించే అవకాశం ఉన్నవాళ్లు ఆపించడానికే చూశారు. ఆ అవకాశం లేక చూస్తూ కూర్చోవలసి వచ్చినవాళ్లు మాత్రం కాసేపటికి ఆ మహిళనే చులకనగా అంచనా వేయడం మొదలుపెట్టారు. ఏ తప్పూ లేని మనిషికి అంత బాధ కలుగుతోందంటే ఈ లోకం న్యాయంగా లేదని ఒప్పుకోవాలి, అది మనసుకు కష్టం. ఆమెలోనే ఏదో లోపం ఉందనుకుంటే మనసు కుదుటపడుతుంది. ‘చేసుకున్నవారికి చేసుకున్నంత’ అని మనం ఒక్క ముక్కలో తేల్చేసేది ఇదే.

తెలుగులో ఇలాంటి మాటలకు కొదవ లేదు. ‘తిరిగి ఆడది, తిరక్క మగవాడు చెడతారు’ అన్నారు. ‘రెండు చేతులు కలిస్తేనే చప్పట్లు’ అన్నారు. ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే అన్న మాట తెలుగింట పెరిగిన ఏ ఆడపిల్లకూ కొత్త కాదు. దాన్ని చెప్పే అమ్మమ్మ చెడు ఉద్దేశంతో చెప్పదు, భయంతో చెబుతుంది. కానీ ఆ సామెతలో ఒక మోసం ఉంది. ముల్లుకు మనసు లేదు, అది ఉన్నచోటే ఉంటుంది, దానికి చెప్పి ప్రయోజనం లేదు, కాబట్టి జాగ్రత్త అంతా ఆకుదే. ఆక్లాండ్ కుర్రాళ్లు ముళ్లు కాదు. ఎవరిని పిలవాలో, ఎంత తాగించాలో, తర్వాత ఏం రాయాలో నిర్ణయించుకోగల మనుషులు వాళ్లు. మనిషి చేసిన పనిని ప్రకృతి చేసిన పనిలా చూపించినప్పుడు, ఎందుకు చేశావని అడగాల్సిన అవసరం తప్పిపోతుంది.

ఇక్కడ ఒక మాట వెంటనే ఎదురవుతుంది. ఆడపిల్లలకు జాగ్రత్త చెప్పడం కూడా తప్పేనా అంటారు. తప్పు కాదు. గడప దాటుతున్న కూతురికి ‘ఫోన్ చార్జింగ్ చూసుకున్నావా, చేరగానే మెసేజ్ పెట్టు’ అని తల్లి చెప్పడం ప్రేమ. అదే మాట ఆస్పత్రి మంచం మీద ఉన్న కూతురితో ‘ఫోన్ చార్జింగ్ చూసుకోమన్నాను కదా’ అంటే అది ఇంకేదో అయిపోతుంది. జరగకముందు అది జాగ్రత్త. జరిగాక అదే మాట తీర్పు. రేడియోలో, టీవీలో వచ్చే మాట దాదాపు ఎప్పుడూ జరిగాకే వస్తుంది, ఒక ఫలానా కేసును ముందు పెట్టుకునే వస్తుంది.

2017 సెప్టెంబర్ 8న ఐర్లాండ్‌లో న్యూస్‌టాక్ రేడియోలో జార్జ్ హుక్ అన్నది కూడా అలాంటిదే. రగ్బీ వ్యాఖ్యాతగా దేశమంతటికీ తెలిసిన పెద్దాయన, మధ్యాహ్నం షో ఆయనది. బ్రిటన్‌లో విచారణ జరుగుతున్న ఒక అత్యాచార కేసు గురించి మాట్లాడుతూ, అప్పుడే పరిచయమైన అబ్బాయితో ఆ అమ్మాయి హోటల్ గదికి ఎందుకు వెళ్లిందని అడిగారు. తనంతట తాను ప్రమాదంలోకి వెళ్లిన మనిషికి నింద ఏమీ లేదా అన్నారు. కేసు ఇంకా కోర్టులో ఉంది. జ్యూరీ ముందు సాక్ష్యం చెప్పిన యువతి గురించి పక్క దేశపు రేడియోలో ఒకాయన తీర్పు ఇచ్చేశారు.

రెండు చోట్లా జనాగ్రహం మొదట మాటల్లోనే ఉంది. దాన్ని ఫలితంగా మార్చిన దారి మాత్రం కొత్తది. ఆ దారి తెలుగు పాఠకులకు అంతగా తెలిసింది కాదు కాబట్టి కొంచెం వివరంగా చూడాలి.

న్యూజిలాండ్‌లో ప్రసారాల మీద ఫిర్యాదుకు ఒక పద్ధతి ఉంది. ముందు ఆ స్టేషన్‌కే రాయాలి. వాళ్లు జవాబివ్వడానికి 20 పనిదినాల గడువు. ఆ జవాబు నచ్చకపోతే అప్పుడు బ్రాడ్‌కాస్టింగ్ స్టాండర్డ్స్ అథారిటీ దగ్గరికి వెళ్లాలి. తీర్పు వచ్చేసరికి నెలలు గడుస్తాయి, అప్పటికి ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. వెల్లింగ్టన్‌లో ఉండే జొవాన్ని టీసో ఈ దారిలో వెళ్లలేదు. ఆయన ఇటలీ నుంచి వచ్చి స్థిరపడ్డ అనువాదకుడు, బ్లాగర్. వెనక సంస్థ లేదు, డబ్బు లేదు. ఆ షోలో యాడ్స్ ఇస్తున్న కంపెనీలు ఏవో చూసుకుని, ఒక్కొక్కరికీ ఈమెయిల్ పెట్టాడు. షోలో ఇలా మాట్లాడారు, మీ కంపెనీ ఈ షోతో ఉండాలనుకుంటోందా అన్నదే ఆ లేఖల సారాంశం. మిగతా జనం కూడా అదే ప్రశ్నను సోషల్ మీడియాలో ఆ కంపెనీలను అడగడం మొదలుపెట్టారు.

ఏఎన్‌జడ్ బ్యాంకు, టెలికాం అనే ఫోన్ కంపెనీ, టీవీ ప్రసారాల సంస్థ ఫ్రీవ్యూ, ఏఏ ఇన్సూరెన్స్, సూపర్‌మార్కెట్ల సంస్థ కౌంట్‌డౌన్. రోజుల వ్యవధిలో ఒకరి తర్వాత ఒకరు ఆ షో నుంచి యాడ్స్ వెనక్కి తీసుకున్నారు. హోస్టులిద్దరూ బుధవారమే క్షమాపణ చెప్పారు, కానీ అప్పటికే విషయం క్షమాపణతో ముగిసే దశ దాటింది. తర్వాతి సోమవారానికల్లా, ఆ ఏడాది చివరిదాకా షో ఆపేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. ఫోన్ కాల్‌కూ ప్రకటనకూ మధ్య ఒక్క వారం కూడా పూర్తిగా లేదు.

రేడియోలైవ్ యజమాని మీడియావర్క్స్ ఆ ఏడాది జూన్‌లోనే అప్పుల భారంతో, అప్పులిచ్చినవాళ్ల తరఫున కంపెనీని నడిపే రిసీవర్ల చేతిలోకి వెళ్లిన సంస్థ. అలాంటి కంపెనీకి పెద్ద యాడ్స్ పోవడమంటే చిన్న దెబ్బ కాదు. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. అసలు ఈ కుంభకోణాన్ని బయటపెట్టిన టీవీ3 కూడా మీడియావర్క్స్‌దే. ఒకే సంస్థలో ఒక గదిలో రిపోర్టర్లు ఆ పిల్లలతో మాట్లాడి, వాళ్ల నమ్మకం సంపాదించి నిజం బయటికి తెచ్చారు. ఇంకో గదిలో అదే వారం, ఆ పిల్లల తరఫున మాట్లాడటానికి వచ్చిన అమ్మాయిని బోనులో నిలబెట్టారు. కాబట్టి మీడియా అంతా ఇంతే అనేయడం ఆ రిపోర్టర్లకు అన్యాయం చేయడమే అవుతుంది.

ఐర్లాండ్‌లోనూ దాదాపు ఇదే వరుస. హుక్ సోమవారం ప్రసారంలోనే క్షమాపణ చెప్పారు. షో స్పాన్సర్ అయిన డలాటా హోటల్ గ్రూప్ తప్పుకుంది. హోటల్ గదికి ఎందుకు వెళ్లావని ఒక మహిళను నిలదీసిన కార్యక్రమం మీద హోటళ్ల పేరు ఉండటం ఎవరికైనా ఇబ్బందే కదా. సెప్టెంబర్ 15న ఆయన్ను సస్పెండ్ చేశారు. అయితే ఇక్కడ న్యూజిలాండ్‌లో లేనిది ఒకటి జరిగింది. న్యూస్‌టాక్ సిబ్బందిలో సుమారు 20 మంది సంతకాలు చేసి, ఆయన్ను తప్పించాలని యాజమాన్యానికి లేఖ ఇచ్చారు. అదే స్టేషన్‌లో షో చేసే డాక్టర్ కియారా కెల్లీ ఆ మాటలను బహిరంగంగా తప్పుపట్టారు. తర్వాత ఆ మధ్యాహ్నం షో ఆమెకే వచ్చింది.

ఈ పద్ధతి మీద రెండు అభ్యంతరాలున్నాయి. ఒకటి భావస్వేచ్ఛ గురించి. ఇది అంత బలమైనది కాదు. అభిప్రాయం చెప్పే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది, ఆ అభిప్రాయానికి ఒక బ్యాంకు డబ్బులిస్తూనే ఉండాలన్న హక్కు ఎవరికీ లేదు. రెండోది నిజంగా ఆలోచించాల్సింది. ఇవాళ జనం కోపాన్ని చూసి యాడ్ తీసేసిన కంపెనీ, రేపు తన మోసాన్ని బయటపెట్టిన వార్త మీద అదే ఆయుధం వాడదా? వాడుతుంది, వాడుతూనే ఉంది. డబ్బు చేతికి ఇచ్చిన కత్తెర మంచి చోటే కత్తిరిస్తుందన్న హామీ లేదు. డబ్బున్నవాడి కోపం ఎలా ఉంటుందో అదే ఐర్లాండ్‌లో నెల తిరక్కుండానే కనిపించింది. పగటిపూట ముఖ్యమైన షోలన్నీ మగవాళ్ల చేతుల్లో పెట్టిన న్యూస్‌టాక్‌ను తీవ్రంగా విమర్శిస్తూ ఐరిష్ టైమ్స్ పత్రికలో ఫింటన్ ఓటూల్ అనే కాలమిస్టు వ్యాసం రాశారు. దాంతో న్యూస్‌టాక్ మాతృసంస్థ, తన స్టేషన్లలోకి ఐరిష్ టైమ్స్ జర్నలిస్టులు రావడానికి వీల్లేదని నిషేధం పెట్టింది.

యాడ్స్ ఆపడం వల్ల షో ఆగుతుంది. మనసు మారుతుందా, స్టేషన్‌లో కౌంటర్ అవతల కూర్చున్న మనిషి మారతాడా అంటే అది వేరే పని. న్యూజిలాండ్‌లో ఆ పనిని కూడా జనమే ముందుకు తోశారు. నవంబర్ 16న పలు నగరాల్లో ర్యాలీలు జరిగాయి. అక్కడి పోలీసుల మీద ఫిర్యాదులు చూసే స్వతంత్ర సంస్థ రెండు విచారణలు జరిపింది. పోలీసులు మీడియాకు చెప్పినదాంట్లో తప్పులున్నాయని 2014లో, దర్యాప్తులోనే తీవ్రమైన లోపాలున్నాయని 2015 మార్చిలో తేల్చింది. మధ్యలో, 2014 అక్టోబర్ చివర్లో, ఎవరి మీదా కేసు పెట్టడం లేదని పోలీసులు ప్రకటించారు. ఆ అమ్మాయిలకు ఆ రోజు ఎలా అనిపించి ఉంటుందో చెప్పడానికి మాటలు చాలవు.

హోస్టుల సంగతికొస్తే, హుక్ అదే ఏడాది డిసెంబర్‌లో వారాంతపు షోతో తిరిగొచ్చారు. జాక్సన్ మరుసటి ఏడాదే రేడియోలోకి వచ్చారు. 2017లో ఆయన్ను లేబర్ పార్టీలోకి తీసుకుంటున్నప్పుడు, పోటో విలియమ్స్ అనే మహిళా ఎంపీ ఆనాటి ఇంటర్వ్యూను గుర్తుచేసి బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. ఇంటి సంగతి వీధికెక్కించిందన్న విమర్శ తిరిగి ఆమెకే తగిలింది. జాక్సన్ మంత్రి అయ్యారు, 2022లో ప్రసార, మీడియా శాఖ కూడా ఆయనకే వచ్చింది. మనిషి జీవితాంతం ఒక్క తప్పు దగ్గరే ఆగిపోవాలని ఎవరూ కోరకూడదు. ఆయన క్షమాపణ చెప్పారు, ఆ తర్వాతా పదేపదే దాని గురించి సమాధానం చెప్పుకున్నారు. కానీ ఎవరు తిరిగి లేవగలిగారు, ఎవరికి ఆ వీలు దక్కలేదు అన్నది చూసుకోకుండా దుమారం గెలిచిందని చెప్పుకోవడం తొందరపాటు.

ఈ కథ ఎక్కడో దక్షిణ గోళార్ధంలో జరిగిందని తెలుగువాళ్లం ఊపిరి పీల్చుకునే పరిస్థితి లేదు. 2011 డిసెంబర్ చివర్లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ డీజీపీగా ఉన్న వి. దినేశ్ రెడ్డి, అత్యాచారాలు పెరగడానికి ఆడవాళ్ల ఫ్యాషన్ దుస్తులు కూడా కారణమన్నారు. ఆక్లాండ్‌లో స్కర్టు గురించి అడిగిన ఏడాదే అది. అక్కడ ఆ ప్రశ్న ఒక స్టేషన్ గదిలో వినపడింది, ఇక్కడ రాష్ట్ర పోలీసుల అధిపతి నోటే వచ్చింది. 2013 జనవరిలో, నిర్భయ ఘటన జరిగి నెల కాకముందే, టీవీల ద్వారా దేశమంతా ఎరిగిన ఆశారాం బాపు, తప్పు ఒక్క వైపే ఉండదని, ఆ అమ్మాయి వాళ్లను అన్నా అని పిలిచి వేడుకోవాల్సిందని అన్నాడు. అదే మనిషి ఒక మైనర్ బాలికపై అత్యాచారం కేసులో 2018లో దోషిగా తేలి యావజ్జీవ శిక్ష పడ్డవాడు.

ఇక 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్. దిశ ఘటనగా అందరికీ తెలిసినదే. కూతురు ఫోన్ ఎత్తడం లేదని పరుగెత్తుకెళ్లిన కుటుంబాన్ని ఇది మా పరిధి కాదంటూ ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పారు. ఎవరితోనైనా వెళ్లిపోయిందేమో అన్నట్టు పోలీసులు మాట్లాడారని కుటుంబసభ్యులు చెప్పారు. ముగ్గురు పోలీసులను తర్వాత సస్పెండ్ చేశారు. ఘటన జరిగిన రెండో రోజే, చదువుకున్న అమ్మాయి అయ్యుండి చెల్లెలికి కాకుండా 100కి ఫోన్ చేసి ఉంటే బాగుండేదని అప్పటి తెలంగాణ హోంమంత్రి మహమూద్ అలీ అన్నారు. భయమేసినప్పుడు ఆడపిల్ల మొదట చెల్లెలికి ఎందుకు ఫోన్ చేస్తుందో, పోలీసులకు ఎందుకు చేయదో, ఆ రాత్రి స్టేషన్ల మధ్య తిరిగిన కుటుంబాన్ని అడిగితే చెప్పేవాళ్లు. మంత్రి మాట మీద విమర్శ పోటెత్తింది. తన మాటను తప్పుగా అర్థం చేసుకున్నారని ఆయన వివరణ ఇచ్చుకున్నారు.

మన దగ్గర జనాగ్రహం తక్కువేమీ కాదు. కానీ ఆ ఆగ్రహానికి టీసో దొరకబుచ్చుకున్నటువంటి పట్టు దొరకడం రోజురోజుకీ కష్టమవుతోంది. ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లకు ఇక్కడ సొంత వార్తలకు అనుమతి లేదు కాబట్టి రేడియోలో ఈ రకం చర్చలు లేవు, వాటి స్థానంలో టీవీ డిబేట్లు, వాటిని మించి యూట్యూబ్ ఇంటర్వ్యూలు ఉన్నాయి. టీవీలో అయితే ‘ఈ కార్యక్రమాన్ని మీకు సమర్పిస్తున్నవారు’ అని నగల షాపు పేరో, బట్టల షాపు పేరో, రియల్ ఎస్టేట్ వెంచర్ పేరో వినపడుతుంది. ఆ షాపులకు వెళ్లేది ఎక్కువగా ఆడవాళ్లే. మీరు సమర్పించిన కార్యక్రమంలో ఫలానా రోజు ఇలా అడిగారు, మీకిది సమ్మతమేనా అని అడగడానికి అక్కడ ఒక మనిషి, ఒక కౌంటర్ ఉన్నాయి.

యూట్యూబ్‌లో ఆ కౌంటర్ లేదు. ఒకే వీడియో విజయవాడలో చూసేవారికి ఒక యాడ్, డల్లాస్‌లో చూసేవారికి ఇంకో యాడ్ చూపిస్తుంది. ఏ వీడియో ముందు తన యాడ్ పడుతోందో చాలాసార్లు కంపెనీకే తెలియదు. ఇంకా చెడ్డ విషయం ఏంటంటే, కోపంతో చూసిన వ్యూ కూడా వ్యూనే. ఫిర్యాదు చేసిన అమ్మాయిని ‘నువ్వు అన్ని రోజులు ఎందుకు ఊరుకున్నావ్’ అని యాంకర్ నిలదీసిన ముక్కను కత్తిరించి, ఎర్ర అక్షరాల థంబ్‌నెయిల్ పెడితే, తిట్టడానికి వచ్చినవాళ్లు కూడా ఆ చానల్‌కు డబ్బు తెచ్చిపెడతారు. లింకు షేర్ చేసి ‘చూడండి ఎంత దారుణమో’ అని రాసినా ఫలితం అదే. టీసో దగ్గర ఉన్నది కంపెనీల జాబితా. ఇక్కడ చేతిలో ఉన్నది ఆ లింకును పంపకపోవడం, అన్న మాటలను రాసి పెట్టుకోవడం, మధ్యలో యాంకరే నోటితో చదివే స్పాన్సర్ పేరు ఉంటే ఆ పేరున్న వాళ్లను అడగడం.

ఇది బయటివాళ్లు చేయగలిగింది. లోపలివాళ్ల సంగతి ఇంకొకటి. డబ్లిన్‌లో, న్యూస్‌టాక్ ఆఫీసులో సంతకాలు పెట్టిన ఆ 20 మంది రోజూ అదే కారిడార్లలో నడిచేవాళ్లు. హైదరాబాద్ న్యూస్ చానళ్ల డెస్కుల్లో, కంట్రోల్ రూముల్లో, ఎడిటింగ్ గదుల్లో అర్ధరాత్రి షిఫ్టులు చేసే అమ్మాయిలు ఎంతోమంది ఉన్నారు. డిబేట్‌లో ఆ ప్రశ్న పడ్డ క్షణంలో దాన్ని అందరికంటే ముందు వినేది వాళ్లే. కింద స్క్రోలింగ్ టైప్ చేయాల్సిందీ, ఆ ముక్కను కత్తిరించి ప్రోమో చేయాల్సిందీ వాళ్లే. షిఫ్టు ముగిశాక ఆఫీసు క్యాబ్ రాకపోతే ఆటో కోసం రోడ్డు మీద నిలబడేదీ వాళ్లే.